బాలికి రెండు వాటాలు

మా అన్నదమ్ముల పంపకాల్లో పెద్దమనుషుల కంట పడని ఆస్తి ఒకటుంది. దానికి సర్వే నంబరు లేదు, హద్దురాళ్ళు లేవు. రెండు వేల ఎనిమిది ఎండాకాలంలో, జీడిపిక్కలు రాలే రోజుల్లో, దాని మూలంగానే నేను మా తమ్ముణ్ణి రెండోసారి పోగొట్టుకున్నాను.

మాది నర్సీపట్నం పక్కన బలిఘట్టం. నాన్న పోయాక చెరకూ జీడితోటా నేనే చూసేవాణ్ణి. తమ్ముడు నాగేంద్ర డిగ్రీ పూర్తిచేసి, నర్సీపట్నం అబీద్ సెంటర్‌లో రమణబాబు గారి నెట్ సెంటర్‌లో పనికి కుదిరాడు. నాకప్పుడు ముప్పై మూడు, వాడికి ఇరవై ఆరు. అంతకు ముందు ఏడాది ఒక మధ్యాహ్నం వాడికి కేరేజీ పట్టుకెళ్ళాను. ఇంటర్ రిజల్ట్స్ రోజు. కొట్టు నిండా జనం. వాడు నన్ను చివరి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెరమీద ఒక పచ్చటి ఊరు తెరిచాడు.

"ఇదేట్రా?"

"ఆట అన్నియ్యా. ఎక్కడెక్కడి దేశాలోళ్ళో ఒకేపాలి ఆడతారు. మనకో మనిషుంటాడు. ఆడు మన బదులు తిరుగుతాడు."

"తిరిగి ఏటి సేత్తాడు?"

"మొదట్లో ఎలకల్ని సంపుతాడు."

"ముందు మన సెరుకులో పందికొక్కుల్ని సంపమను."

వాడు పడీపడీ నవ్వి జనంలోకి వెళ్ళిపోయాడు. నేను మౌస్ పట్టుకుని అరగంట గోడకేసి నడిచాను. ఏట్లో పడ్డాను. ఎలకల చేతిలో మూడుసార్లు చచ్చిపోయాను. నాలుగోసారి చావబోతుంటే తెల్లగౌను వేసుకున్న ఒకావిడ వచ్చి నామీద పచ్చటి వెలుగు చల్లింది. ప్రాణం లేచొచ్చింది. ఆవిడ పేరు టెస్ అనీ, ఫిలిప్పీన్స్‌లో నిజంగానే నర్సు అనీ తర్వాత తెలిసింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో థాంక్స్ చెప్పాను. కొత్తగా వచ్చినవాళ్ళు వంతెన దాటకూడదు, దొరికినదేదీ పారెయ్యకూడదు, ఒంటరిగా తిరగకూడదు అని ఆవిడ మూడు ముక్కలు చెప్పి, తన గుంపులో చేర్చుకుంది.

మా మనిషికి నాగేంద్ర ఊరి పేరే పెట్టాడు. ఇంగ్లీషులో పది అక్షరాలే పట్టి చివరిది తెగిపోయింది. గుంపులో వాళ్ళంతా బాలి అని పిలిచేవాళ్ళు. ఇండోనేసియాలో బాలి నుంచి వచ్చాడని నమ్మి, మీ సముద్రం బావుంటుందట కదా అని అడిగేవాళ్ళు. మాకున్నది వరాహ నదేనని ఎవరికి చెప్పను? అవునండీ, చాలా బావుంటుంది అనేవాణ్ణి.

నాకు వేరే మనిషిని తయారుచేస్తానని నాగేంద్ర చాలాసార్లు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నాకంటూ ఒకణ్ణి పెట్టుకుంటే నేను ఆట ఆడుతున్నట్టే కదా. తమ్ముడి మనిషిని కాసేపు చూసిపెడుతున్నాను, అంతే. పెళ్ళయి పదేళ్ళయిన రైతుని. ఇంట్లో ఈ సంగతి అమ్మకీ తెలీదు, మా ఆవిడ వెంకటదుర్గకీ తెలీదు.

పొద్దున్న పూట నేను, సాయంత్రం కొట్టు పల్చబడ్డాక వాడు. లెవెల్ పెరిగినప్పుడల్లా ఐదు పాయింట్లిస్తారు. వాటిని బలంలో వెయ్యాలో వైద్యంలో వెయ్యాలో మనిష్టం. వాడికి కత్తి కావాలి. నాకు టెస్ లాగా పడిపోయినవాళ్ళని లేపడం కావాలి. ఎవరికి వాళ్ళం మా వైపు వేసుకుంటూ పోయేసరికి మా బాలి ఇటు కత్తీ తిప్పలేక, అటు మందూ వెయ్యలేక గుంపులో నవ్వులపాలయ్యాడు. అప్పుడు నేనే ఒక కట్టుబాటు పెట్టాను. ఎవరి చేతిలో లెవెల్ పెరిగితే వాడు అవతలివాడి వైపు మూడు వెయ్యాలి, తన వైపు రెండు వేసుకోవాలి. నాకు చిన్నప్పట్నుంచీ సమానంగా పంచడమంటే పిచ్చి. పనసకాయ కోస్తే తొనలు లెక్కపెట్టి పెట్టేవాణ్ణి. నా చేత్తో పంచినదాన్ని ఎవరూ తప్పుపట్టలేదని కాస్త గర్వం కూడా ఉండేది.

ఆటకి కూడా హద్దు పెట్టుకున్నాను. ఒకసారి ధ్యాసలో పడి నీటి వంతు దాటిపోయి, చెరకు రెండు రోజులు ఎండింది. ఆ తర్వాత సెల్లులో అలారం పెట్టుకుని, గంట కాగానే గుంపు యుద్ధం మధ్యలో ఉన్నా లేచిపోయేవాణ్ణి. బాలి పొద్దున పూట మంచివాడు గానీ గడియారం చూసుకుని పారిపోతాడని గుంపులో నాకు పేరు.

మాఘమాసంలో రమణబాబు గారు కొట్టు అమ్మేసి విశాఖపట్నం వెళ్ళిపోతానన్నారు. నాగేంద్ర ఇంటికొచ్చి, జీడితోటలో తన సగం అమ్మి ఆ కొట్టు తీసుకుంటానన్నాడు. అప్పుడు హాల్లో అమ్మ ఉంది, వెంకటదుర్గ ఉంది, ఏదో పనిమీద వచ్చిన దేవుళ్ళు మావయ్య ఉన్నాడు. నేను ఇంటికి పెద్దవాణ్ణి. పెద్దవాడిలా మాట్లాడాలనుకున్నాను.

"కుర్రాళ్ళు ఆటలాడుకునే కొట్టు కోసం నాన్న ఏసిన తోట అమ్ముతావా? సిగ్గులేదేట్రా నీకు?"

వాడు నావైపు చూశాడు. ఒక్క మాటంటే చాలు, నా పెద్దరికం ఆ హాల్లోనే కూలిపోయేది. వాడు ఆ మాట అనలేదు.

"అయితే నా వాటా నాకు పంచీ అన్నియ్యా" అన్నాడు.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున పంపకాలు జరిగాయి. దేవుళ్ళు మావయ్య మడతమంచం మీద కూర్చుని, అందరికీ తెలిసిందే అయినా మళ్ళీ చెప్పాడు.

"మన కాడ పద్దతి ఒకటే. పెద్దోడు వాటాలేత్తాడు, సిన్నోడు ముందు ఏరుకుంటాడు. పెద్దోడు మోసం సేత్తే ఆడికే తగుల్తాది."

నేను అప్పటికే మూడు రోజులు పొలం గట్లమీద తిరిగి వాటాలు వేసి, రెండు చీటీలు రాసుంచాను. బావి లేని చెక్కకి టేకుచెట్లు కలిపాను. రోడ్డు దూరమైనదానికి పాక కలిపాను. మావయ్య విని, ధర్మంగా ఉందిరా అన్నాడు. నాగేంద్ర చూడనైనా చూడలేదు. ఏదో ఒకటి అన్నట్టు మొదటి చీటీ మీద వేలు పెట్టాడు. ఇత్తడి బిందెలు, మంచాలు, నాన్న సైకిలు, అన్నీ అయ్యాయి. అమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకేటైనా మిగిలిందేట్రా?" అన్నాడు మావయ్య. "బాగా గుర్తు సేసుకోండి. రేపొద్దున్న అదుంది ఇదుంది అంటే ఒప్పుకోను."

నాకు బాలి గుర్తొచ్చాడు. నాగేంద్ర తలెత్తి నన్ను చూశాడు.

"ఏటీ నేదు మావయ్యా" అన్నాడు.

నా పరువు కాపాడాడని ఆ క్షణాన వాడిమీద ప్రేమ పొంగుకొచ్చింది. లేచి భుజంమీద చెయ్యి వేద్దామనుకున్నాను. అందరూ ఉన్నారని ఆగిపోయాను. వాడు తన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. నెలతిరక్కుండా తోట సగం అమ్మి, కొట్టు కొనుక్కుని, దాని వెనక గదిలోనే కాపరం పెట్టాడు. మా మధ్య మాటలు పోయాయి.

మాటల్లేని కొట్టుకి ఎలా వెళ్తాను? బస్ కాంప్లెక్స్ దగ్గర ఇంకో నెట్ సెంటర్ ఉంది. తోటలో పిక్కలు ఏరించే పని కూలీల పెద్ద కొండలమ్మకి అప్పజెప్పి, బస్తాలు షావుకారు దగ్గర దించి, అవి కాటా ఎక్కేలోపు ఆ గంటా అక్కడ కూర్చునేవాణ్ణి. మొదటి రోజు ఆట తెరవడానికి భయమేసింది. పాస్‌వర్డ్ మార్చేసి ఉంటాడనుకున్నాను. మార్చలేదు. బాలి ఏటి ఒడ్డున, నాకిష్టమైన చోట నిలబడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం లెవెల్ పెరిగింది. ఐదు పాయింట్లలో మూడు వైద్యంలో వేసి ఉన్నాయి.

తెరముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. పక్క కుర్రాడు చూస్తే, కంట్లో జీడి పడిందని చెప్పాను.

ఆ తర్వాత నాకు రోజూ అదే పని. తోట సగమైపోయింది. భోజనాల దగ్గర వాడి పీట ఖాళీ. మంగళవారం మంగళవారం అమ్మ కూర గిన్నె పట్టుకుని పట్నం వెళ్ళొచ్చేది. వచ్చి నాకు వినపడేలా గాల్లోకి మాట్లాడేది.

"ఆడు సిక్కిపోయేడు. ఓటేలు తిండి. పెద్దోడివి, ఒకపాలి ఎల్లి సూడకూడదేట్రా పెదబాబూ?"

"ఆడు రాకూడదేటి?" అనేవాణ్ణి నేను. అని, పెరట్లోకి వెళ్ళి ఊరికే నిలబడేవాణ్ణి. మనుషులు లేక కాదు, ఇంటినిండా ఉన్నారు. వాళ్ళెవరితోనూ చెప్పుకోలేని బెంగ నాది. మర్నాడు పొద్దున్న బాలి సంచీ తెరిస్తే గానీ ఊపిరాడేది కాదు. అందులో నిన్నటికన్నా ఒక మందుసీసా ఎక్కువుంటే, వాడు కులాసాగా ఉన్నాడని. చేపలు తప్ప ఏమీ లేకపోతే, ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాక ఏటి ఒడ్డునే కూర్చున్నాడని.

ఒకరోజు షేర్ ఆటోలో బజారుకి వెళ్తున్నాను. ఊరు దాటాక ఎవరో చెయ్యెత్తారు. నాగేంద్రే. తోట కొన్నవాళ్ళతో ఏదో పనుండి వచ్చినట్టున్నాడు. లోపల ఒకే చోటు ఖాళీ, నా ఎదురుగా. మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాడు. గడ్డం మాసింది. మెడ దగ్గర ఎముక తేలింది. అమ్మ అబద్ధం చెప్పలేదు. తిన్నావేట్రా అని అడుగుదామని నోరు తెరిచాను. పక్కన దేవుళ్ళు మావయ్య కోడలు ఉంది. ముందు మాట్లాడినవాడు ఓడిపోయినట్టని ఊరంతా చెప్పుకుంటుంది. నోరు మూసుకున్నాను. ఆటో గోతిలో పడితే వాడి చెయ్యి నా భుజం పట్టుకుంది. వెంటనే తీసేశాడు. అబీద్ సెంటర్ వచ్చేదాకా ఇద్దరం రోడ్డు చూశాం.

మర్నాడు బాలి సంచీలో పాతిక మందుసీసాలున్నాయి.

ఆరోజే టెస్ నన్ను పక్కకి పిలిచింది. "మీరు ఇద్దరు మనుషులు కదా?" అంది. ఎలా తెలిసిందన్నాను. "పొద్దుట బాలి అందరికీ దండం పెడతాడు. సాయంత్రం బాలి అందరికన్నా ముందు దూకుతాడు. గుంపులో అందరికీ తెలుసు" అంది. తర్వాత, "నిన్న సాయంత్రం బాలి నన్ను ఒకటడిగాడు. పొద్దుటాయన బాగున్నాడా, ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా అని."

బలిఘట్టానికీ అబీద్ సెంటర్‌కీ మధ్య మూడు కిలోమీటర్లు. నా తమ్ముడు నా బాగోగులు ఫిలిప్పీన్స్‌లో అడిగి తెలుసుకుంటున్నాడు. బాగానే ఉన్నానని చెప్పమన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలియలేదు.

మే నెల సగానికి బాలి నలభై తొమ్మిదో లెవెల్ చివరికొచ్చాడు. యాభైలో అడుగుపెట్టగానే ఒక ముసలి గురువు దగ్గరికి వెళ్ళి దారి ఎంచుకోవాలి. కత్తా, వైద్యమా. ఒకటి పట్టుకుంటే రెండోది పోతుంది, మళ్ళీ మార్చుకోలేం. ఆ గీత దగ్గర నాగేంద్ర ఆగిపోయాడు. సాయంత్రాలు వస్తున్నాడు, చేపలు పడుతున్నాడు, ఒక్క ఎలకని కూడా చంపడం లేదు. వారం గడిచింది. లెవెల్ అక్కడే ఉంది.

నేను ఆలోచించాను. వాడు నాకోసం చూస్తున్నాడు, పెద్దవాణ్ణి కాబట్టి నేనే తేల్చాలి అనుకున్నాను. కత్తి ఎంచుకుంటే నాకు అన్యాయం, వైద్యం ఎంచుకుంటే వాడికి అన్యాయం. ఆ ఆటలో ఒక ఖాతాలో ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవచ్చు, ఇద్దర్నీ ఒకేసారి తిప్పొచ్చు. ఆ మాట తట్టగానే దారి దొరికిందనిపించింది.

రెండో మనిషిని తయారుచేశాను. పన్నెండు రోజులు అలారం మోగినా లేవలేదు. బస్తాలు కాటా దగ్గర పడి ఉండేవి, షావుకారు గుమస్తా కేకలేసేవాడు. కూలిడబ్బులు అందక ఏరేవాళ్ళు రావడం మానేస్తే, తోటలో పళ్ళు కుళ్ళి పులిసిన వాసన కొట్టాయి. "ఏటి బాబూ, బజారు ఒగ్గి రావేటి?" అని కొండలమ్మ నా ముఖమ్మీదే అడిగింది. నేను పట్టించుకోలేదు. కొత్తవాణ్ణి ఇరవయ్యో లెవెల్ దాకా లాక్కొచ్చాను. బాలికన్నా ఇంకా ఇరవై తొమ్మిది తక్కువ. బావి లేని చెక్కకి టేకుచెట్లు కలిపినట్టు, బాలి దగ్గరున్న గుర్రం, వెండి కవచం, మంచి కత్తి, బంగారమంతా తీసి కొత్తవాడికి పెట్టాను. ఇటు లెవెలున్న ఒట్టి మనిషి, అటు లెవెల్ లేని కలిగిన మనిషి. ఎటు చూసినా తూకం సరిపోయింది. నా జీవితంలో అంత ధర్మంగా పంచింది ఇంకోటి లేదు.

ఆటలో ఉత్తరాల పెట్టె ఉంటుంది. అందులో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. "రెండు వాటాలు వేశాను. చిన్నవాడివి, ముందు నువ్వు ఏరుకో." పంపి, బయటికొచ్చి, కాంప్లెక్స్ దగ్గర నిమ్మసోడా తాగాను. ఎన్నాళ్ళకో మనసు తేలికపడింది. వాడు ఏరుకుంటాడు, నేను మిగిలింది తీసుకుంటాను. ఇద్దరు మనుషులైతే ఒకేసారి ఆడొచ్చు, పక్కపక్కన నిలబడొచ్చు. అక్కడ మాట కలిస్తే ఇక్కడా కలుస్తుంది. ఆ సాయంత్రం వెంకటదుర్గ నన్ను చూసి, పిక్కల ధర పెరిగిందా అని అడిగింది.

మర్నాడు ఉత్తరం తెరిచి ఉంది. ఇద్దరూ నేను నిలబెట్టిన చోటే ఉన్నారు. ఆ మర్నాడూ అంతే. సంచీలో ఒక్క వస్తువు కదల్లేదు. ఏటి దగ్గర చేప పడలేదు.

ఐదో రోజున టెస్ అడిగింది. "సాయంత్రం బాలి రావడం లేదు. ఒంట్లో బాగులేదా?"

తెలీదన్నాను. అప్పటిదాకా రోజూ తెలిసేది.

జూన్ మొదటి వానకి తోటలో పని అయిపోయింది. ఇంక బజారుకి వెళ్ళడానికి వంక కూడా లేదు. రెండు రోజులు చూరు కింద కూర్చుని వాన చూశాను. మూడో రోజు గొడుగు తీసుకుని, అమ్మ ఎక్కడికిరా అంటున్నా వినిపించుకోకుండా, వాడి కొట్టుకి వెళ్ళాను.

రమణబాబు గారి బోర్డు పోయి కొత్త బోర్డు వచ్చింది. లోపల ఇద్దరు డిగ్రీ ఆడపిల్లలు హాల్‌టికెట్లు తీయించుకుంటున్నారు. నాగేంద్ర తలెత్తి చూశాడు. ముఖంలో ఏమీ లేదు.

"మూడో సిస్టం ఖాళీగా ఉందండి" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను అండీ అనలేదు. కొట్టినా బావుండేదనిపించింది. వెళ్ళి మూడో దాని ముందు కూర్చున్నాను. కాసేపటికి వాడే వచ్చి మౌస్ తీగ సరిచేశాడు. అక్కడ్నుంచి కదల్లేదు. నేను తెర వైపే చూస్తూ అడిగాను.

"ఏరుకోలేదేట్రా?"

వాడు ఆ తీగనే మళ్ళీ సర్దాడు.

"సరిగ్గా ఎయ్యనేదా వాటాలు? నీకు తక్కువనిపిత్తే సెప్పు. మళ్ళీ ఏత్తాను."

"బాగానే ఏసేవు" అన్నాడు. గొంతు నెమ్మదిగా ఉంది. "నువ్వెప్పుడూ బాగానే ఏత్తావు."

"మరేటి? పెద్దోణ్ణి, నువ్వాగిపోతే నానే కదా తేల్చాలి."

"ఎవుడు తేల్చమన్నాడు? యాభై సెయ్యకపోతే ఏటవుతాది? నలభై తొమ్మిదిలోనే ఉండిపోతాడు. ఉండనిత్తే పోయేది కదా."

ఆడపిల్లల్లో ఒకర్తి ఇటు చూసింది. వాడు గొంతు ఇంకా తగ్గించాడు.

"ఆ రోజు దేవుళ్ళు మావయ్య ఇంకేటైనా మిగిలిందేట్రా అనడిగేడు. నాను ఏటీ నేదన్నాను. ఎందుకన్నానో తెల్సా నీకు?"

"తెల్సు. నా పరువు పోకూడదని." అప్పుడు సిగ్గుపడకుండా అన్నాను. వాళ్ళు విన్నా ఫర్వాలేదనిపించింది. "నానూ ఆడతానని నలుగుర్లో తెలిత్తే సిన్నతనమని."

వాడు తల అడ్డంగా ఊపాడు.

"సెప్తే పంచేత్తారని, అన్నియ్యా."

ఆడపిల్ల పిలిచింది, ప్రింటులో ఫొటో సరిగ్గా రాలేదని. వాడు వెళ్ళి మిషన్ మూత తీసి కాగితాలు సర్దుతూ ఉండిపోయాడు. నేను ఆట తెరవలేదు. తెరిస్తే అందులో ఇద్దరు కనిపిస్తారు. గంట అయ్యేదాకా ఆ ఖాళీ తెర ముందే కూర్చున్నాను. వాడు నన్ను లెమ్మనలేదు.